ఆరేళ్ళ చదువు అయిదేళ్ళలో: మిగిలిన ఏడాది ఎవరిది?

పాతికేళ్ళ క్రితం పెళ్ళయి అమెరికా వెళ్ళిపోయిన మా మిత్రురాలొకామె ఆ మధ్య ఫోను చేసింది. కూతురు అక్కడ హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉంది. స్పీచ్ థెరపిస్టు అవుతానంటోంది. మామూలుగా అయితే నాలుగేళ్ళు డిగ్రీ, రెండేళ్ళు మాస్టర్స్, వెరసి ఆరేళ్ళు. కొన్ని యూనివర్సిటీలు మాత్రం రెండు డిగ్రీలనూ కలిపి అయిదేళ్ళలో ముగించే కోర్సు పెట్టాయి. "ఏడాది ఫీజు కలిసొస్తుంది కదక్కా, చేర్చెయ్యమంటావా? లేకపోతే పద్దెనిమిదేళ్ళ పిల్ల తన బతుకంతా ఇప్పుడే తేల్చేసుకోవాలా?" అని అడిగింది. ఇంటి లెక్కల సంగతే కదా అనుకుని మొదలుపెట్టాం. వివరాలు కూడగట్టేకొద్దీ ఇది ఒక్క ఇంటి లెక్క కాదనీ, ఆడవాళ్ళు చేసే ఒక వృత్తికి తయారుకావడానికయ్యే ఖర్చును ఎవరు మోస్తున్నారన్న ప్రశ్న అనీ అర్థమైంది. ఈసారి సంపాదకీయానికి ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

స్పీచ్ థెరపీ అనగానే మనలో చాలామందికి నత్తి ఉన్న పిల్లలు గుర్తొస్తారు. ఆ వృత్తి అంతకంటే చాలా పెద్దది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషికి మళ్ళీ మాట కూడబలుక్కోవడం నేర్పేది వాళ్ళే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పాలు మింగలేకపోతే, ముసలితనంలో ముద్ద గొంతు దిగక ఊపిరితిత్తుల్లోకి పోతుంటే పిలిచేది వాళ్ళనే. గ్రహణంమొర్రి ఆపరేషను తర్వాత, వినికిడి లోపంతో, ఆటిజంతో మాట ఆలస్యమైనప్పుడు, పాఠాలు చెప్పీ చెప్పీ టీచర్ల గొంతు బొంగురుపోయినప్పుడు కూడా వాళ్ళ అవసరం ఉంటుంది. అమెరికాలో ఈ వృత్తి ఇంతగా విస్తరించడానికి ఒక కారణం 1975 నాటి వికలాంగ బాలల విద్యా చట్టం. లోపం ఉన్న ప్రతి బిడ్డకూ ప్రభుత్వ బడిలో ఉచితంగా, తగిన విధంగా చదువు చెప్పితీరాలని ఆ చట్టం శాసించింది. 1990లో దాని పేరు మారింది కానీ బాధ్యత మారలేదు. ఈనాటికీ అక్కడి స్పీచ్ థెరపిస్టుల్లో సగం మందికి పైగా బడుల్లోనే పనిచేస్తున్నారు.

ఆ ఉద్యోగంలోకి వెళ్ళే దారి మాత్రం పొడుగైనది. ఒక్క డిగ్రీతో సరిపోదు. గుర్తింపు పొందిన కోర్సులో మాస్టర్స్ పూర్తిచెయ్యాలి. ఆ వృత్తివారి జాతీయ సంఘం, క్లుప్తంగా 'ఆషా' అంటారు, ఇచ్చే సర్టిఫికెట్టు కావాలంటే చదువులో భాగంగా 400 గంటల క్లినికల్ అనుభవం చూపించాలి. ఇందులో 25 గంటలు ఇతరులు చేస్తుంటే చూడటం, 375 గంటలు స్వయంగా రోగులతో, పిల్లలతో పనిచెయ్యటం. తర్వాత ప్రాక్సిస్ అనే జాతీయ పరీక్ష. ఆ తర్వాత కనీసం 36 వారాలు, 1,260 గంటలపాటు ఒక అనుభవజ్ఞురాలి పర్యవేక్షణలో ఫెలోషిప్పు. దీనికి జీతం ఇస్తారు. పైన రాష్ట్రం లైసెన్సు. అంటే ఆరేళ్ళు చదివినా పూర్తి థెరపిస్టు కావడానికి ఏడో ఏడు దాకా ఆగాల్సిందే.

ఇప్పుడు ఆ అయిదేళ్ళ కోర్సు సంగతి. దీన్ని మూడు ప్లస్ రెండు అంటారు. డిగ్రీకి కావలసిన పాఠాలను మూడేళ్ళలోకి కుదిస్తారు. వేసవి సెలవుల్లో కూడా క్లాసులుంటాయి. ధ్వనిశాస్త్రం, గొంతు, చెవి, నాలుకల నిర్మాణం, పిల్లలు భాష నేర్చుకునే తీరు, వినికిడి శాస్త్రం, వీటికి తోడు జీవశాస్త్రం, భౌతికశాస్త్రమో రసాయనశాస్త్రమో ఒకటి, గణాంకశాస్త్రం, సామాజికశాస్త్రం. నాలుగో ఏడాది మాస్టర్స్ పాఠాలు మొదలవుతాయి. ఆ ఏడాది సంపాదించిన మార్కులను రెండు డిగ్రీలకూ లెక్క వేస్తారు. కిటుకు అంతా అక్కడే ఉంది. కొన్నిచోట్ల హైస్కూలు నుంచే నేరుగా తీసుకుంటారు, కొన్నిచోట్ల రెండో ఏటో మూడో ఏటో దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ పద్ధతిలోనైనా మార్కులు ఒక గీత కిందికి పడకూడదు. పడితే మాస్టర్స్ సీటు పోతుంది. ఒక మాట గమనించాలి. పాఠాలను కుదించారు కానీ ఆ 400 గంటల్లో ఒక్క గంటా తగ్గలేదు. తగ్గకూడదు కూడా. ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసే మనిషికి అరకొర అనుభవం ఉండాలని ఎవరూ కోరుకోరు.

ఈ కోర్సు మంచిదా, చెడ్డదా అని అడిగితే మంచిదనే చెబుతాం. ఒక ఏడాది ఫీజు, ఇంటద్దె, తిండి ఖర్చు మిగలడం చిన్న విషయం కాదు. అంతకంటే ముఖ్యం, ఏడాది ముందుగా జీతం మొదలవుతుంది. మాస్టర్స్ సీటు కోసం మళ్ళీ పది యూనివర్సిటీలకు దరఖాస్తులు పెట్టి, ఒక్కో దానికీ డబ్బు కట్టి, దొరుకుతుందో లేదో అని కూచునే బాధ తప్పుతుంది. ఆడపిల్లకు ఈ వెసులుబాటు దొరికితే కాదనడానికి మనమెవరం?

అయితే ఈ వెసులుబాటు ఎందుకు అవసరమైందో చూడాలి. అక్కడి స్పీచ్ థెరపిస్టుల్లో నూటికి 95 మందికి పైగా స్త్రీలు. ఈ శాస్త్రంలో అమెరికాలో తొలి డాక్టరేటు కూడా ఒక స్త్రీదే. 1921లో విస్కాన్సిన్ యూనివర్సిటీ నుంచి శారా స్టించ్‌ఫీల్డ్ ఆ పట్టా అందుకుంది. ఆషాకు మూలమైన సంఘం ఏర్పడింది ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1925లో. తర్వాతి కాలమంతా ఇది బడిపంతులమ్మ పక్క గదిలో కూచునే మరో అమ్మ పనిగానే లోకం కంటికి కనపడింది. ఓర్పు కావాలి, ప్రేమ కావాలి, అది ఆడవాళ్ళకు పుట్టుకతోనే వస్తుంది కాబట్టి దానికి వెల కట్టనక్కర్లేదు, ఇదీ వాదన. నర్సుల విషయంలో, అంగన్‌వాడీ టీచర్ల విషయంలో మనం విన్న వాదనే.

అంకెలు చూడండి. అమెరికా కార్మికశాఖ లెక్కల ప్రకారం 2023 మే నాటికి స్పీచ్ థెరపిస్టు మధ్యస్థ జీతం ఏడాదికి 89,290 డాలర్లు. చాలా ఎక్కువే కదా అనిపిస్తుంది. అదే ఏడాది సాఫ్ట్‌వేర్ డెవలపరు మధ్యస్థ జీతం లక్షా ముప్ఫై వేల డాలర్లు దాటింది. ఆ ఉద్యోగానికి నాలుగేళ్ళ డిగ్రీ చాలు. ఇంజనీరింగు విద్యార్థి వేసవిలో కంపెనీలో పని నేర్చుకుంటే సాధారణంగా కంపెనీయే అతనికి జీతమిస్తుంది. మాస్టర్స్ చదివే స్పీచ్ థెరపీ విద్యార్థిని ఆసుపత్రిలోనో బడిలోనో రోజంతా పనిచేస్తే సాధారణంగా ఆమెకు పైసా ఇవ్వరు. పైగా ఆ పని చేస్తున్నందుకు యూనివర్సిటీకి ఫీజు ఆమే కడుతుంది. పనివేళల్లో క్లినిక్కు, సాయంత్రం క్లాసు, రాత్రి రిపోర్టులు. మరో ఉద్యోగం చేసుకునే వీలు ఎక్కడుంటుంది? చదువు పేరుతో జరిగే ఈ జీతంలేని శ్రమను ఎవరూ శ్రమగా లెక్కించరు. అయిదేళ్ళ కోర్సు ఈ పద్ధతిని ఏమీ మార్చలేదు. ఆ భారాన్ని అలాగే ఉంచి, ఆడపిల్లను కాస్త వేగంగా నడవమంది.

వేగంగా నడవగలిగేది ఎవరు? వేసవిలో కూడా చదవాలంటే వేసవిలో సంపాదించనక్కర్లేని పిల్ల అయివుండాలి. మార్కుల గీత దాటకుండా ఉండాలంటే రాత్రిపూట హోటల్లో వడ్డన చెయ్యనక్కర్లేని పిల్ల అయివుండాలి. పద్దెనిమిదేళ్ళకే ఇలాంటి వృత్తి ఒకటుందని తెలియాలంటే ఇంట్లోనో ఇరుగుపొరుగునో చదువుకున్నవాళ్ళుండాలి. అమెరికాలో పేద పిల్లలు ఎక్కువగా ముందు రెండేళ్ళు తక్కువ ఫీజుండే కమ్యూనిటీ కాలేజీలో చదివి, తర్వాత యూనివర్సిటీకి మారతారు. పాఠాల వరస మొదటి ఏడాది నుంచే బిగించిన కోర్సులో మధ్యలో వచ్చేవాళ్ళు ఇమడటం కష్టం. పిల్లల్ని కన్న తర్వాత చదువుకు తిరిగొచ్చిన స్త్రీ, తన బిడ్డకే మాట రాకపోతే థెరపిస్టు చుట్టూ తిరిగి తిరిగి, నేనే ఈ పని నేర్చుకుంటాను అని నిశ్చయించుకున్న తల్లి, వీళ్ళెవరికీ ఈ దారి లేదు.

మన తెలుగు కుటుంబాల సంగతి వేరేగా చెప్పుకోవాలి. హెచ్-4 వీసా మీద భర్త వెంట వెళ్ళిన స్త్రీలు వేలల్లో ఉన్నారు. వీరిలో కొందరికి 2015 నుంచి ఉద్యోగం చేసుకునే అనుమతి వచ్చింది, మిగిలినవారికి అదీ లేదు. చదువుకోవడానికి మాత్రం అడ్డు లేదు కాబట్టి కొత్త వృత్తి నేర్చుకుందామనుకుంటారు. కానీ ఇక్కడ బీకామో బీటెక్కో చేసి వెళ్ళిన మనిషికి డిగ్రీ ముందే ఉంది కాబట్టి రెండు డిగ్రీలు కలిపిన కోర్సు ఆమెకు పనికిరాదు. స్పీచ్ థెరపీకి సంబంధించిన డిగ్రీ పాఠాలు విడిగా చదివి, ఆ తర్వాత మాస్టర్స్ చెయ్యాలి. చదువు ముగిశాక వచ్చే ఫెలోషిప్పు జీతమున్న ఉద్యోగం. వర్క్ పర్మిట్ లేకపోతే అక్కడ ఆగిపోతుంది. వాళ్ళ పిల్లలదీ ఇంకో ఇరకాటం. తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు రాకముందే పిల్లకు 21 ఏళ్ళు నిండితే ఆమె ఇక వారిమీద ఆధారపడిన పిల్ల కాదు, విద్యార్థి వీసాకు మారాలి. పద్దెనిమిదేళ్ళకు చేరిన పిల్లకు 21 ఏళ్ళు నిండేది సరిగ్గా మాస్టర్స్ పాఠాలు మొదలయ్యే వేళకే. చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగినా, ప్రభుత్వం ఇచ్చే విద్యారుణం వీసా మీదున్న పిల్లకు రాదు.

ఎవరు చదివితే ఏముంది, థెరపిస్టు వస్తే చాలదా అనేవారుంటారు. చాలదు. ఎదుటి మనిషి మాటలో ఏది లోపమో, ఏది కాదో తేల్చే అధికారం ఈ వృత్తిలో ఉంది. మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్‌లో నల్లజాతి తల్లులు తమ పిల్లల తరఫున బడిమీద వేసిన దావా దీనికి సాక్ష్యం. ఇంట్లో నల్లవారి ఇంగ్లీషు మాట్లాడే ఆ పిల్లలు బడిలో వెనకబడితే, కొందరికి నేర్చుకునే శక్తిలోనే లోపం ఉందని ముద్ర వేశారు. 1979 జులైలో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్ తల్లుల పక్షాన తీర్పు చెప్పాడు. పిల్లల ఇంటి భాషను గుర్తించి, దాన్ని దృష్టిలో పెట్టుకుని చదవడం నేర్పమని స్కూలు బోర్డును ఆదేశించాడు. నాలుగేళ్ళ తర్వాత, 1983లో, ఏ మాండలికమూ జబ్బు కాదని ఆషా అధికారికంగా ప్రకటించింది. తెలంగాణ పిల్లల మాటను యాస అని వెక్కిరించి 'దిద్దిన' బడుల్లో చదువుకున్నవాళ్ళకు ఈ దావా గురించి ఎక్కువ వివరించనక్కర్లేదు.

ప్రకటన వచ్చి నలభై ఏళ్ళు దాటింది. ఆషా తన సభ్యుల గురించి ప్రకటించే వివరాల్లో ఇప్పటికీ దాదాపు తొంభై శాతం శ్వేతజాతీయులే. ఇంగ్లీషు కాక మరో భాషలో చికిత్స చెయ్యగలమన్నవారు నూటికి పదిమంది కూడా లేరు. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది స్పానిష్ వాళ్ళు. ఇక తెలుగెక్కడ? మాట ఆలస్యమైన తెలుగు బిడ్డను తీసుకెళితే, "ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి" అనే సలహా ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. రెండు భాషలు వినడం వల్ల మాట రావడం ఆలస్యం కాదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. వీలైనంతవరకు బిడ్డ ఇంటి భాషలోనే పరీక్షించాలని అక్కడి చట్టమూ చెబుతోంది. కానీ పరీక్షించే మనిషికి ఆ భాష రావాలి కదా. సలహా పాటించిన ఇంట్లో ఏమవుతుందో చూడండి. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చే తల్లి తన బిడ్డతో నోరు విప్పి మాట్లాడటమే తగ్గించుకుంటుంది. అమ్మమ్మ వీడియోలో పలకరిస్తే బిడ్డ మొహం తిప్పుకుంటాడు. పైగా మాట రాకపోవడానికి కారణం తల్లి భాషే అన్న నింద కూడా తల్లికే.

అందుకే ఈ వృత్తిలోకి ఎవరు వస్తున్నారన్నది ముఖ్యం. మాస్టర్స్ సీట్లు తక్కువ. పాఠం చెప్పే డాక్టరేట్లు చాలరు, దగ్గరుండి పని నేర్పే క్లినిక్కులు చాలవు. ఉన్న సీట్లలోనే కొన్నిటిని హైస్కూలు పిల్లలకు ముందే కేటాయిస్తే, ఆలస్యంగా వచ్చేవారికి మిగిలేవి ఇంకా తగ్గుతాయి. కొత్త సీట్లు పెంచి ఈ కోర్సు పెట్టడం ఒకటి, పాత సీట్లనే ముందుగా పంచెయ్యడం ఇంకొకటి. రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

దీనికి తోడు ఇప్పుడు అప్పు కూడా బిగుసుకుంది. 2025 జులైలో అమెరికాలో వచ్చిన చట్టం 2026 జులై 1 నుంచి పై చదువుల రుణాలకు పరిమితి పెట్టింది. అంతకుముందు గ్రాడ్ ప్లస్ అనే పథకం కింద పై చదువుకయ్యే ఖర్చంతా ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకునే వీలుండేది. కొత్త విద్యార్థులకు దాన్ని ఎత్తేశారు. 'వృత్తి విద్య' అని గుర్తించిన కోర్సులకైతే ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం రెండు లక్షలు. మిగతా పై చదువులకు ఏడాదికి 20,500, మొత్తం లక్ష. మరి ఏది వృత్తి విద్య? 2025 నవంబరులో విద్యాశాఖ కూర్చిన కమిటీ ఆమోదించిన ముసాయిదా జాబితాలో వైద్యం ఉంది, న్యాయం ఉంది, దంతవైద్యం, ఫార్మసీ ఉన్నాయి. చర్చి బోధకులు చదివే మతశాస్త్రం కూడా ఉంది. నర్సింగు లేదు, సోషల్ వర్క్ లేదు, ఆడియాలజీ లేదు, స్పీచ్ థెరపీ లేదు. ఇది రుణాల కోసం పెట్టుకున్న నిర్వచనం మాత్రమేననీ, ఆ వృత్తుల విలువను తక్కువ చెయ్యడం కాదనీ విద్యాశాఖ సంజాయిషీ చెప్పుకుంది. జాబితాలో లేని చదువుల్లో ఇన్ని ఆడవాళ్ళతో నిండినవే కావడం యాదృచ్ఛికం అని మనల్ని నమ్మమంటున్నారు. లైసెన్సు లేకుండా చెయ్యకూడని పని వృత్తి కాకపోతే మరేమిటి?

ప్రభుత్వం దగ్గర అప్పు దొరకని పిల్ల ప్రైవేటు బ్యాంకుకు వెళుతుంది. అక్కడ వడ్డీ ఎక్కువ, తండ్రి సంతకం కావాలి. ఇలాంటి పరిస్థితిలో అయిదేళ్ళ కోర్సు ఒక సౌకర్యంగా కాక, స్తోమత లేనివారికి మిగిలిన ఒకే ఒక్క దారిగా మారే ప్రమాదం ఉంది. అదీ స్తోమత లేనివారు నడవలేని దారి.

మాస్టర్స్ లేనిదే ఈ పని చెయ్యకూడదన్నది అన్ని దేశాల్లో ఉన్న నియమమేమీ కాదు. మన దేశంలో నాలుగేళ్ళ డిగ్రీ, అందులో ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్పు, పూర్తిచేసి, 1992 చట్టం కింద ఏర్పడ్డ పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకుంటే ప్రాక్టీసు చెయ్యవచ్చు. 1965లో మైసూరులో వెలసిన వాక్‌శ్రవణ సంస్థ ఈ చదువుకు మనకు పుట్టిల్లు. సికింద్రాబాదులోనూ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మనదే గొప్ప పద్ధతి అని చెప్పడం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాట, భాష లోపాన్ని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది కానీ, ఆదిలాబాదులో మాట రాని బిడ్డను ఎత్తుకున్న తల్లి థెరపిస్టు కోసం ఎన్ని బస్సులు మారాలో మనకు తెలుసు. దాని గురించి వేరే సంచికలో రాయాలి. ఇక్కడ చెప్పదలచుకున్నది ఇంతే: చదువు పొడవు ఎంత ఉండాలో, దాని ఖర్చు ఎవరు పెట్టాలో మనుషులే నిర్ణయించారు. కాబట్టి మనుషులు మార్చవచ్చు. క్లినికల్ గంటలకు జీతం ఇవ్వమని అడగవచ్చు. ప్రభుత్వ బడుల్లో కొన్నేళ్ళు పనిచేస్తామన్నవారి ఫీజు ప్రభుత్వమే కట్టాలని అడగవచ్చు. ఇంటి భాష వచ్చిన విద్యార్థినులకు సీట్లు కేటాయించమనీ, కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చేవారికి మూడో ఏట చేరే వీలు ఇవ్వమనీ అడగవచ్చు.

మా మిత్రురాలికి ఏం చెప్పామంటే, చేర్చే ముందు యూనివర్సిటీ నుంచి కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకోమన్నాం. ఆ మాస్టర్స్ కోర్సుకు ఆషా అనుబంధ మండలి గుర్తింపు ఉందా? నాలుగో ఏడాది పిల్లను డిగ్రీ విద్యార్థినిగా లెక్కిస్తారా, మాస్టర్స్ విద్యార్థినిగానా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది కానీ ఆ ఏడాది ఫీజూ, అప్పు పరిమితీ దానిమీదే ఆధారపడతాయి. పేద పిల్లలకు తిరిగి కట్టనక్కర్లేకుండా ఇచ్చే పెల్ గ్రాంటు డిగ్రీ పూర్తికాని వారికే వస్తుంది కనుక అదీ అక్కడే తేలుతుంది. మార్కులు తగ్గినా, ఒంట్లో బాగోక ఒక టర్ము పోయినా మళ్ళీ చేర్చుకుంటారా? పిల్ల మనసు మారితే నాలుగేళ్ళకు డిగ్రీ చేతికిచ్చి పంపిస్తారా? క్లినిక్కులు యూనివర్సిటీయే చూపిస్తుందా, పిల్లే వెతుక్కోవాలా? కారు లేకుండా అక్కడికి వెళ్ళగలదా?

ఆమె అన్నీ రాసుకుంది. రాసుకున్నాక, "ఇవన్నీ నేను అడగటం దేనికి, దాన్నే అడగమంటాను. ఇంగ్లీషు దానికే బాగా వచ్చు" అని నవ్వింది. కూతురికి తెలుగు వచ్చా అని అడిగాం. అర్థమవుతుంది కానీ మాట్లాడదట. రెండేళ్ళ వయసులో మాట ఆలస్యమైందని, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని అప్పట్లో ఎవరో చెప్పారట.